డైనమోడీబీ బిల్లు ఎందుకు పెరుగుతోంది? కెపాసిటీ మోడ్ ఎంచుకునే లెక్క ఇదీ

టేబుల్ అదే, డేటా అంతే, వాడేవాళ్లూ అంతమందే. ఒక్క సెట్టింగ్ మారిస్తే నెల బిల్లు సగానికి పడిపోవచ్చు, రెండింతలూ కావచ్చు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఇచ్చే డైనమోడీబీ అనే క్లౌడ్ డేటాబేస్‌లో ఆ సెట్టింగ్ పేరు కెపాసిటీ మోడ్. టేబుల్ క్రియేట్ చేసిన రోజు ఏదో ఒక మోడ్ పెట్టేసి, మళ్లీ దాని మొహం చూడని టీమ్‌లే ఎక్కువ. యాప్ నడుస్తోంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. బిల్లు మాత్రం గంట గంటకూ పడుతూనే ఉంటుంది.

2024 నవంబర్ 1న ఈ లెక్క మొత్తం మారింది. ఆ రోజు నుంచి ఆన్-డిమాండ్ మోడ్ రేటును అమెజాన్ 50 శాతం తగ్గించింది. 'ఆన్-డిమాండ్ అంటే ఏడు రెట్లు ఖరీదు, దాని జోలికి పోవద్దు' అని సీనియర్లు జూనియర్లకు చెబుతూ వచ్చిన మాటకు ఆ రోజే కాలం చెల్లింది. అలాగని 'ఇక అన్నీ ఆన్-డిమాండే' అనడం కూడా తప్పే. రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో తెలిస్తే, ఏ టేబుల్‌కి ఏ మోడ్ సరిపోతుందో అర గంటలో తేల్చుకోవచ్చు.

ముందు యూనిట్ అంటే ఏంటి?

డైనమోడీబీ 2012 జనవరిలో వచ్చింది. ఇందులో సర్వర్ సైజు, ర్యామ్, ప్రాసెసర్ లాంటివి కొనేది ఉండదు. కొనేది రీడ్ యూనిట్లు, రైట్ యూనిట్లు. ఒక కేబీ వరకు ఉన్న రికార్డును ఒకసారి రాస్తే ఒక రైట్ యూనిట్. రికార్డు 1.1 కేబీ ఉన్నా సరే, రెండు యూనిట్లు పడతాయి. నాలుగు కేబీల వరకు ఒకసారి చదివితే ఒక రీడ్ యూనిట్. 'ఇప్పుడే రాసిన తాజా విలువే కావాలి' అని పట్టుబట్టకుండా, క్షణం పాత విలువ వచ్చినా ఫర్వాలేదనుకుంటే అందులో సగమే పడుతుంది. లావాదేవీలుగా, అంటే ట్రాన్సాక్షన్‌గా, చదివినా రాసినా రెట్టింపు.

ఈ యూనిట్లకు డబ్బు కట్టే పద్ధతులే రెండు మోడ్‌లు. దావత్ లెక్కతో పోలిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఫంక్షన్ హాల్లో 500 ప్లేట్లకు ముందే ఆర్డర్ ఇచ్చారనుకోండి. 200 మందే వచ్చినా 500 ప్లేట్ల డబ్బు కట్టాల్సిందే. 501వ మనిషి వస్తే ఆగమనాలి. అది ప్రొవిజన్డ్ మోడ్. సెకనుకు ఇన్ని రీడ్‌లు, ఇన్ని రైట్‌లు అని ముందే చెప్పి, వాడినా వాడకపోయినా గంటల లెక్కన కట్టాలి. దాటితే థ్రాట్లింగ్, అంటే రిక్వెస్ట్ వెనక్కి తిరిగొస్తుంది. హోటల్‌కి తీసుకెళ్లి ఎంతమంది తింటే అంతమందికే బిల్లు కట్టడం ఆన్-డిమాండ్. ప్లేటు రేటు ఎక్కువ, కానీ తినని ప్లేటుకు పైసా లేదు. ఆన్-డిమాండ్ 2018 నవంబర్‌లో వచ్చింది. అంతకుముందు ఆరేళ్లకు పైగా ప్రొవిజన్డ్ ఒక్కటే దిక్కు. పాత టేబుళ్లు ఇంకా ఆ మోడ్‌లోనే ఉండిపోవడానికి అదొక కారణం.

29 శాతం దగ్గర గీత

అమెరికాలోని వర్జీనియా రీజియన్ రేట్లతో చూద్దాం. ప్రొవిజన్డ్‌లో ఒక రైట్ యూనిట్‌కు గంటకు 0.00065 డాలర్. ఆన్-డిమాండ్‌లో 10 లక్షల రైట్‌లకు 0.625 డాలర్. తగ్గింపుకు ముందు ఇది 1.25 డాలర్లు.

ఒక ప్రొవిజన్డ్ రైట్ యూనిట్‌ను క్షణం ఖాళీ లేకుండా వాడితే గంటలో 3,600 రైట్‌లు చేయొచ్చు. అవే 3,600 రైట్‌లు ఆన్-డిమాండ్‌లో చేస్తే 0.00225 డాలర్. ఈ రెండింటినీ భాగిస్తే 0.289 వస్తుంది. అంటే కొనిపెట్టుకున్న కెపాసిటీలో సగటున 29 శాతం కన్నా ఎక్కువ వాడుతుంటే ప్రొవిజన్డ్ చవక. 29 శాతం కన్నా తక్కువ వాడుతుంటే ఆన్-డిమాండ్ చవక. రీడ్‌లకు రేట్లు వేరు, గంటకు 0.00013 డాలర్, 10 లక్షలకు 0.125 డాలర్. కానీ భాగిస్తే వచ్చేది అదే 29.

పాత రేటుతో ఇదే గీత 14.4 శాతం దగ్గర ఉండేది. అసలు సంగతి ఇక్కడే ఉంది. కొన్నదాంట్లో 20 శాతం వాడుతున్న టేబుల్ 2024 అక్టోబర్‌లో ప్రొవిజన్డ్‌లో ఉండటం సరైన నిర్ణయం. నవంబర్‌లో అదే టేబుల్, అదే ట్రాఫిక్, తప్పు నిర్ణయం. ఎవరూ ఏమీ మార్చలేదు, తప్పు దానంతట అదే అయిపోయింది. 15 నుంచి 29 శాతం మధ్య నడిచే టేబుళ్లు ఎన్ని ఉన్నాయో ప్రతి కంపెనీ ఒకసారి చూసుకోవాల్సింది అందుకే.

ముంబై, హైదరాబాద్ రీజియన్లలో రేట్లు వర్జీనియాతో సరిగ్గా సమానం కావు. హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలైంది. ఏ రీజియన్‌లో టేబుల్ ఉందో ఆ రీజియన్ రేట్ల పేజీ తెరిచి ఇదే భాగహారం చేసుకోవాలి. ప్రొవిజన్డ్ గంట రేటు పైన, 3,600 ఆన్-డిమాండ్ రిక్వెస్ట్‌ల రేటు కింద. అంతే. బిల్లు మీద జీఎస్టీ అదనం అన్నది కూడా బడ్జెట్‌లో రాసుకోవాలి.

రంజాన్ ట్రాఫిక్‌తో ఒక లెక్క

నగరంలో హలీం, ఇఫ్తార్ బాక్సుల ఆర్డర్లు తీసుకునే యాప్ ఒకటి ఉందనుకుందాం. రంజాన్ నెలలో దాని ఆర్డర్ల టేబుల్‌పై సాయంత్రం మూడు గంటల పాటు సెకనుకు 300 రైట్‌లు పడతాయి. మిగతా 21 గంటలు సెకనుకు 10. మొత్తం రోజుకు దాదాపు 40 లక్షల రైట్‌లు. రికార్డు సైజు ఒక కేబీ లోపే ఉంచుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటుంది.

మొదటి దారి: పీక్‌కి సరిపడా కెపాసిటీ కొని నెలంతా అలాగే వదిలేయడం. 300కి కొంచెం ఊపిరాడేలా 430 యూనిట్లు పెట్టాలి. 30 రోజులకు 201 డాలర్లు. వాడకం 11 శాతమే. ఇఫ్తార్ గంటల కోసం కొన్న కెపాసిటీ తెల్లవారుజామున, మధ్యాహ్నం ఊరికే కూర్చుని జీతం తీసుకున్నట్టు.

రెండో దారి: ఆన్-డిమాండ్. రోజుకు దాదాపు 40 లక్షల రైట్‌లకు 2.50 డాలర్లు, నెలకు 75. ఒక్క క్లిక్‌తో 126 డాలర్లు మిగిలాయి. పాత రేటే ఉండి ఉంటే ఇది 150 అయ్యేది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగాల్సిన పని లేదు. ఎందుకంటే ఈ ట్రాఫిక్ ఎప్పుడు వస్తుందో నిమిషాలతో సహా ముందే తెలుసు. ఇఫ్తార్ టైం టేబుల్ ప్రతి మసీదు గోడ మీదా, ప్రతి ఇంటి ఫ్రిజ్ మీదా అతికించి ఉంటుంది. ఇంత కచ్చితంగా తెలిసిన రద్దీకి 'ఎప్పుడొస్తుందో తెలియదు' అనే మోడ్ రేటు కట్టడం దండగ.

మూడో దారి: ప్రొవిజన్డ్ మోడ్‌లోనే షెడ్యూల్డ్ స్కేలింగ్. ఇన్ని గంటలకు కెపాసిటీ పెంచు, ఇన్ని గంటలకు దించు అని ముందే రాసి పెట్టడం. సాయంత్రం నాలుగు గంటల పాటు 430 యూనిట్లు, మిగతా 20 గంటలు 15 యూనిట్లు పెడితే రోజుకు 1.31 డాలర్లు, నెలకు 39 చిల్లర. వాడకం 55 శాతానికి చేరింది. రద్దీకి అర గంట ముందు పెంచి, అర గంట తర్వాత దించినా ఇంత తేడా.

201, 75, 39. ఒకటే యాప్, ఒకటే ట్రాఫిక్. ఇది ఒక్క టేబుల్‌లో ఒక్క రైట్‌ల లెక్క. రీడ్‌లు, ఇండెక్సులు, మిగతా టేబుళ్లు కలిస్తే చిన్న కంపెనీకి ఒకరి జీతమంత తేడా రావడం పెద్ద విషయం కాదు.

మూడో దారిలో కాలు జారే చోట్లు రెండున్నాయి. ఒకటి గడియారం. షెడ్యూల్ రాసేటప్పుడు టైం జోన్ చెప్పకపోతే అది యూటీసీ కింద లెక్క. సాయంత్రం 4 అని రాస్తే మన గడియారంలో రాత్రి 9.30కి కెపాసిటీ పెరుగుతుంది. అప్పటికి ఇఫ్తార్ అయిపోయి, జనం తరావీలో ఉంటారు. ఏషియా కోల్‌కతా టైం జోన్ అని స్పష్టంగా ఇచ్చే వీలుంది, ఇవ్వాలి. రెండోది చంద్రుడు. రంజాన్ మొదలయ్యే రోజు నెలవంక మీద ఆధారపడుతుంది, పైగా ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పోయినేడాది షెడ్యూల్‌నే మళ్లీ వాడితే కుదరదు. మొదటి రోజు విషయంలో సందేహం ఉంటే ఒక రోజు ముందు నుంచే షెడ్యూల్ పెట్టుకోవాలి. ఒక రోజు అదనపు ఖర్చు డాలరున్నర కూడా ఉండదు.

నెలాఖరులో మాత్రం కథ వేరు. చాంద్ రాత్ 29న వస్తుందా, 30న వస్తుందా అన్నది మగ్రిబ్ దాటాక గానీ తేలదు. తేలిన పది నిమిషాల్లో షాపింగ్, డెలివరీ, ఫిత్రా విరాళాల యాప్‌లన్నింటి మీదా జనం ఒక్కసారిగా పడతారు. ఆ రెండు మూడు రోజులకు టేబుల్‌ను ఆన్-డిమాండ్‌కి మార్చడం తెలివైన పని. అదే నెలలో, అదే టేబుల్‌కి, తెలిసిన రద్దీకి ఒక మోడ్, తెలియని రద్దీకి ఇంకో మోడ్.

ఆటో స్కేలింగ్ ఉంటే చాలదా?

2017 జూన్‌లో ఆటో స్కేలింగ్ వచ్చింది. వాడకం చూసి కెపాసిటీని అదే పెంచుతుంది, అదే తగ్గిస్తుంది. మామూలుగా 70 శాతం వాడకాన్ని లక్ష్యంగా పెడతారు. అంటే సెకనుకు 70 రైట్‌లు జరుగుతుంటే 100 యూనిట్లు ఉంచుతుంది. 29 శాతం గీతకు ఇది చాలా పైన ఉంది కాబట్టి, నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గే ట్రాఫిక్‌కి ఆటో స్కేలింగ్‌తో ప్రొవిజన్డ్ మోడ్ బాగా లాభం. ఆఫీసు వేళల్లో నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, పగలంతా చదివే న్యూస్ యాప్ ఇలాంటివే.

కానీ ఇది ముందుచూపు ఉన్న యంత్రం కాదు. వాడకం లక్ష్యం దాటి వరుసగా రెండు నిమిషాలు ఉంటే అప్పుడు అలారం మోగుతుంది, ఆ తర్వాత కెపాసిటీ పెరుగుతుంది. ఈలోగా టేబుల్‌ని ఆదుకునేది బర్స్ట్ కెపాసిటీ. అంతకుముందు వాడకుండా మిగిలిన కెపాసిటీని గరిష్ఠంగా 300 సెకన్ల మేర డైనమోడీబీ దాచి ఉంచుతుంది. 15 యూనిట్ల టేబుల్‌లో 300 సెకన్లు దాస్తే 4,500 రైట్‌లు. సెకనుకు 300 చొప్పున రద్దీ వస్తే ఆ నిల్వ 16 సెకన్లలో ఖాళీ. ఆ తర్వాత ఆర్డర్లు వెనక్కి. అందుకే ఒక్కసారిగా వచ్చే రద్దీకి ఆటో స్కేలింగ్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. షెడ్యూల్ అయినా తోడుండాలి, లేదా ఆన్-డిమాండ్ అయినా పెట్టాలి.

దించడంలో కూడా ఆలస్యం ఉంది, అది కావాలనే పెట్టింది. 15 నిమిషాల పాటు వాడకం తక్కువగా ఉంటేనే తగ్గింపు మొదలవుతుంది. పైగా ఒక రోజులో కెపాసిటీని ఎన్నిసార్లయినా పెంచొచ్చు గానీ, తగ్గించడానికి పరిమితి ఉంది: ఎప్పుడైనా నాలుగు సార్లు, ఆపైన అంతకుముందు గంటలో తగ్గించి ఉండకపోతే గంటకొకసారి. రోజంతా పైకీ కిందికీ ఊగే ట్రాఫిక్ అయితే కెపాసిటీ పైనే ఎక్కువసేపు ఉండిపోతుంది. ఐదు పూటల నమాజ్ టైములకు నోటిఫికేషన్ పంపి, వెంటనే వేలమంది యాప్ తెరిచే టేబుల్ ఇందుకు మంచి ఉదాహరణ. అజాన్ రద్దీ ఐదు పది నిమిషాలే. ఆటో స్కేలింగ్ పైకెక్కేసరికి జనం వెళ్లిపోతారు, దిగేసరికి మరో పావుగంట డబ్బు పోతుంది. ఇలాంటి సన్నటి ఎత్తయిన పీక్‌లకు ఆన్-డిమాండే నయం.

ఎవరూ పట్టించుకోని టేబుళ్లు

అన్నిటికన్నా సులభంగా దొరికే పొదుపు డెవలప్‌మెంట్, టెస్టింగ్ టేబుళ్లలో ఉంటుంది. ఒక్కో టేబుల్‌కి 50 రీడ్, 50 రైట్ యూనిట్లు పెట్టి వదిలేశారనుకుందాం. నెలకు ఒక్కోదానికి 28.47 డాలర్లు. అలాంటివి 20 ఉంటే 569 డాలర్లు. వాటిని వాడేది ఎవరు? వారంలో రెండు రోజులు ఒక టెస్టర్. రాత్రిళ్లు, శని ఆదివారాలు, పండుగ సెలవులు అన్నీ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. వీటిని ఆన్-డిమాండ్‌కి మారిస్తే స్టోరేజ్ ఖర్చు తప్ప దాదాపు ఏమీ మిగలదు. దీనికి లెక్కలు, మీటింగ్‌లు అవసరం లేదు.

ఒక చిన్న మినహాయింపు ఉంది. ప్రొవిజన్డ్ మోడ్‌లో మొత్తం 25 రీడ్, 25 రైట్ యూనిట్లు ఫ్రీ టైర్ కింద వస్తాయి. ఆన్-డిమాండ్ రిక్వెస్ట్‌లకు ఆ వెసులుబాటు లేదు. కాలేజీ ప్రాజెక్టో, మసీదు కమిటీ చందాల లెక్కల యాప్‌లాంటి చిన్నదో నడిపేవాళ్లు ప్రొవిజన్డ్‌లో 25 లోపు ఉంచుకుంటే రీడ్, రైట్ ఖర్చే ఉండదు.

ఆన్-డిమాండ్‌లో భయపడాల్సింది దేనికి?

ప్రొవిజన్డ్‌లో తప్పు జరిగితే యాప్ ఆగుతుంది. ఆన్-డిమాండ్‌లో తప్పు జరిగితే యాప్ ఆగదు, డబ్బు పోతుంది. కోడ్‌లో ఒక లూప్ అదుపు తప్పి సెకనుకు 4,000 రైట్‌లు చేస్తోందనుకోండి. ఆన్-డిమాండ్ కొత్త టేబుల్ కూడా అంత వేగాన్ని నిశ్శబ్దంగా మోస్తుంది. 60 గంటలు, అంటే శుక్రవారం రాత్రి నుంచి సోమవారం పొద్దున దాకా ఎవరూ చూడకపోతే 540 డాలర్లు. రికార్డు నాలుగు కేబీలు ఉంటే దానికి నాలుగింతలు. ప్రొవిజన్డ్‌లో 100 యూనిట్ల టేబుల్ అయితే అదే లూప్ థ్రాట్లింగ్‌కి తల కొట్టుకుంటూ ఉండేది, బిల్లు రోజూ పడేంతే పడేది.

2024 మేలో దీనికి మందు వచ్చింది. ఆన్-డిమాండ్ టేబుల్‌కి సెకనుకు ఇంతకు మించి వద్దు అని గరిష్ఠ పరిమితి పెట్టుకోవచ్చు, టేబుల్‌కి విడిగా, ఇండెక్స్‌కి విడిగా. దీనికి అదనపు రుసుము లేదు. మామూలు పీక్‌కి రెండు మూడు రెట్లు పరిమితి పెట్టి, బడ్జెట్ అలర్ట్ కూడా పెట్టుకుంటే రాత్రి నిద్ర పడుతుంది. ఈ పరిమితి లేకుండా ప్రొడక్షన్ టేబుల్‌ని ఆన్-డిమాండ్‌లో వదలడం నిర్లక్ష్యమే.

'ఆన్-డిమాండ్ అంటే ఎంత రద్దీ వచ్చినా తట్టుకుంటుంది' అన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. కొత్త టేబుల్ సెకనుకు 4,000 రైట్‌లు, 12,000 రీడ్‌ల దాకా మొదటి రోజు నుంచే మోస్తుంది. ఆపైన అది గతంలో చూసిన అతి పెద్ద పీక్‌కి రెట్టింపు వరకు వెంటనే ఇస్తుంది. 30 నిమిషాల లోపల అంతకు మించి ఎగబాకితే ఇక్కడ కూడా థ్రాట్లింగ్ తప్పదు. ఇంటర్ ఫలితాల రోజు లక్షల మంది పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఒకే నిమిషంలో నంబర్ కొట్టే వెబ్‌సైట్‌కి ఈ సంగతి తెలిసి ఉండాలి. 2024 నవంబర్‌లో వచ్చిన వార్మ్ త్రూపుట్ సౌకర్యంతో టేబుల్‌ని ముందే సిద్ధం చేయొచ్చు. దానికి ఒకసారి డబ్బు కట్టాలి. అయినా ఫలితాల లాంటి మారని డేటాకి ముందు ఒక కాష్ పెట్టడం అన్నిటికన్నా చవక. ఒకే మార్కుల మెమోను డేటాబేస్ నుంచి పది సార్లు చదివించడం ఎందుకు?

ఇంకో చిక్కు ఏ మోడ్‌లోనైనా ఉంటుంది. లోపల డేటా పార్టిషన్లుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో పార్టిషన్ సెకనుకు 3,000 రీడ్ యూనిట్లు, 1,000 రైట్ యూనిట్లే ఇస్తుంది. అందరి రికార్డులూ ఒకే కీ కింద పడేలా డిజైన్ చేస్తే, టేబుల్ మొత్తానికి ఎంత కెపాసిటీ కొన్నా ఆ ఒక్క పార్టిషన్ దగ్గరే ఇరుకు. ఆ ఇరుకుని చూసి కెపాసిటీ పెంచుకుంటూ పోతే డబ్బు పోతుంది తప్ప పని కాదు.

రిజర్వ్‌డ్ కెపాసిటీ

పగలూ రాత్రీ సమానంగా నడిచే టేబుళ్లకు ఇంకో మెట్టు ఉంది. సెకనుకు 100 రైట్‌లు ఆగకుండా పడే టేబుల్ ఆన్-డిమాండ్‌లో నెలకు 162 డాలర్లు. 70 శాతం లక్ష్యంతో ప్రొవిజన్డ్‌లో 67. ఒక ఏడాదికి రిజర్వ్‌డ్ కెపాసిటీ కొంటే ప్రొవిజన్డ్ రేటు మీద 54 శాతం వరకు, మూడేళ్లకు కొంటే 77 శాతం వరకు తగ్గుతుంది. ఏడాది రిజర్వ్‌డ్ రేటుతో చూస్తే 29 శాతం గీత 13 దగ్గరకు దిగుతుంది.

ఇది 100 యూనిట్ల కట్టలుగా అమ్ముతారు, కొంత డబ్బు ముందే కట్టాలి, కొన్నాక రద్దు లేదు. కొన్న రీజియన్‌లోనే చెల్లుతుంది, ఆన్-డిమాండ్ టేబుళ్లకు పనికిరాదు. కాబట్టి పీక్ చూసి కొనకూడదు. తెల్లవారుజామున మూడు గంటలకు కూడా ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయో చూసి, ఆ అడుగు మట్టానికి మాత్రమే కొనాలి. మూడేళ్ల రేటు ఎంత ఊరించినా, మూడేళ్ల తర్వాత యాప్ ఉంటుందో లేదో తెలియని కంపెనీకి అది పొదుపు కాదు, జూదం.

మోడ్ మార్చినా తగ్గని బిల్లు

కొన్నిసార్లు తప్పు మోడ్‌ది కాదు. 100 జీబీల టేబుల్‌ని మొత్తం స్కాన్ చేస్తే, సగం రేటు రీడ్‌లతో చూసినా కోటీ 31 లక్షల యూనిట్లు. ఆన్-డిమాండ్‌లో ఒక్క స్కాన్‌కి 1.64 డాలర్లు. మేనేజర్ డ్యాష్‌బోర్డ్ ప్రతి పది నిమిషాలకూ ఆ స్కాన్ చేస్తే రోజుకు 236 డాలర్లు. ఫిల్టర్ పెట్టాం కదా, పది రికార్డులే వస్తున్నాయి కదా అంటారు. ఫిల్టర్ పనిచేసేది చదవడం అయ్యాక. బిల్లు పడేది చదివినదానికి, ఇచ్చినదానికి కాదు. ఇక్కడ మార్చాల్సింది క్వెరీని.

గ్లోబల్ సెకండరీ ఇండెక్సులదీ ఇదే కథ. టేబుల్‌లో ఒక రికార్డు రాస్తే, ఆ రికార్డు ఉండే ప్రతి ఇండెక్స్‌లోనూ మరో రైట్ పడుతుంది. ఎప్పుడో ఒక రిపోర్ట్ కోసం సృష్టించి మర్చిపోయిన మూడు ఇండెక్సులు ఉంటే రైట్ ఖర్చు నాలుగింతలు అయి కూర్చుంటుంది. ప్రొవిజన్డ్‌లో ఇంకో ప్రమాదం: ఇండెక్స్‌కి విడిగా కెపాసిటీ ఇవ్వాలి, ఆటో స్కేలింగ్ కూడా విడిగా పెట్టాలి. ఇండెక్స్‌కి కెపాసిటీ చాలకపోతే అసలు టేబుల్‌లో రాయడం కూడా ఆగిపోతుంది.

స్టోరేజ్ ఖర్చే ఎక్కువగా కనబడే టేబుళ్లు, అంటే పాత ఆర్డర్లు, లాగ్‌లు, ఉంటే అవి స్టాండర్డ్ ఐఏ అనే క్లాస్‌కి మారితే మేలు. 2021 డిసెంబర్‌లో వచ్చిన ఈ క్లాస్‌లో వర్జీనియా రేటు ప్రకారం జీబీకి నెలకు 0.25 డాలర్ బదులు 0.10 డాలర్ పడుతుంది. రీడ్, రైట్‌ల రేటు దాదాపు 25 శాతం ఎక్కువ.

అజూర్ వాడేవాళ్లకు

మైక్రోసాఫ్ట్ కాస్మోస్ డీబీలో కూడా ఇదే ప్రశ్న వేరే పేర్లతో ఉంది. అక్కడ మాన్యువల్, ఆటోస్కేల్, సర్వర్‌లెస్ అని మూడు. ఆటోస్కేల్ రేటు మాన్యువల్‌కి ఒకటిన్నర రెట్లు, కానీ గరిష్ఠంలో పదో వంతు దాకా దానంతట అదే దిగుతుంది. ప్రతి గంటలో తాకిన అత్యధిక స్థాయికి ఆ గంట బిల్లు వేస్తారు. గంటకొక నిమిషం పాటు నడిచే భారీ జాబ్ ఉంటే ఆటోస్కేల్ లాభం మొత్తం అదే తినేస్తుంది. గీత వేరే చోట ఉన్నా, భాగహారం చేసే పద్ధతి మారదు.

తమ టేబుల్ ఎక్కడుందో ఎలా చూడాలి?

క్లౌడ్‌వాచ్‌లో కన్స్యూమ్‌డ్ రైట్ కెపాసిటీ యూనిట్స్ అనే మెట్రిక్ తెరవాలి. కనీసం నెల రోజుల డేటా తీసుకోవాలి, పండుగ నెల ఒకటి, మామూలు నెల ఒకటి ఉంటే ఇంకా మంచిది. ఇక్కడ ఎక్కువమంది పొరబడేది ఒక్క చోట: సగటు అనే ఆప్షన్ కాకుండా మొత్తం అనే ఆప్షన్ ఎంచుకోవాలి. నిమిషం మొత్తాన్ని 60తో భాగిస్తే సెకనుకు ఎంతో తెలుస్తుంది. గంట మొత్తాన్ని 3,600తో భాగించాలి. దాన్ని ప్రొవిజన్డ్ రైట్ కెపాసిటీ యూనిట్స్ మెట్రిక్‌తో పోల్చితే వాడకం శాతం వచ్చేస్తుంది. రీడ్‌లకు విడిగా ఇదే చేయాలి. టేబుల్‌కి, ప్రతి ఇండెక్స్‌కి కూడా.

ఇప్పటికే ఆన్-డిమాండ్‌లో ఉన్న టేబుల్‌కి పోల్చడానికి ప్రొవిజన్డ్ అంకె ఉండదు. అప్పుడు గ్రాఫ్ ఆకారం చూడాలి. పీక్‌ని 70 శాతంతో భాగిస్తే కొనాల్సిన కెపాసిటీ, నెల సగటును దానితో భాగిస్తే రాబోయే వాడకం. అది 29 కన్నా బాగా పైన, 40, 50 దగ్గర వస్తే ప్రొవిజన్డ్‌కి మారడంలో అర్థం ఉంది. 30, 32 వస్తే కదిలించకపోవడమే మంచిది. మిగిలే ఆ నాలుగు డాలర్ల కోసం కెపాసిటీ కాపలా కాసే మనిషి గంట జీతం అంతకన్నా ఎక్కువ.

మార్చడానికి టేబుల్‌ని ఆపాల్సిన పని లేదు, డేటా కదలదు, కోడ్‌లో అక్షరం మారదు. ఆన్-డిమాండ్ నుంచి ప్రొవిజన్డ్‌కి ఎప్పుడైనా రావచ్చు. ప్రొవిజన్డ్ నుంచి ఆన్-డిమాండ్‌కి 24 గంటల్లో నాలుగు సార్ల వరకు మారొచ్చు. ప్రొవిజన్డ్‌కి వచ్చేటప్పుడు మొదటి అంకె సగటు చూసి కాకుండా గత వారం పీక్ చూసి పెట్టాలి. ఆటో స్కేలింగ్ కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు అప్పుడే రాసుకుని, రెండు రోజుల పాటు రైట్ థ్రాటిల్ ఈవెంట్స్ గ్రాఫ్ మీద కన్నేసి ఉంచాలి. అక్కడ గీత సున్నా దగ్గరే ఉంటే, మూడో రోజు నుంచి కనిష్ఠ పరిమితిని కొద్దికొద్దిగా దించుకుంటూ రావచ్చు.